ఆవాజ్ ఉంది, సాఫ్ లేదు



పోయిన భాగంలో హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాశాను. ఈసారి ఫోన్‌లో సౌండ్ సెట్టింగుల గురించి రాస్తానంటే యూనివర్సిటీ తమ్ముడొకడు నవ్వాడు. "అక్కా, బయట ఇంత జరుగుతుంటే నువ్వు వాల్యూమ్ బటన్ దగ్గర కూసున్నవా?" అన్నాడు.

కూర్చున్నాను తమ్ముడూ. నాలుగు నెలలుగా అక్కడే కూర్చున్నాను. ఎందుకో చెప్తాను, ఓపికతో చదవండి. చదవడం అయ్యాక మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ ఒకటి మీ చేతిలోకి రావాలి. నేను కోరేది అంతే.

మా పెద్దబాపు డప్పు కొడతాడు. పాతబస్తీలో లాల్‌దర్వాజ వెనక గల్లీలో మా ఇళ్లు. ఆషాఢం వస్తే సింహవాహిని మహంకాళి బోనాలకు కొడతాడు, పోతరాజు ముందు కొడతాడు. పెళ్లికి కొడతాడు, చావుకు కొడతాడు. పన్నెండేళ్ల వయసులో చేతికి సిర్ర, సిటికెన పుల్ల వచ్చాయి. ఇప్పుడు అరవై దాటాయి. డప్పును ఎడమ భుజానికి వేసుకుంటాడు. మంట పెట్టి తోలు కాచి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని చూస్తాడు. కొంచెం ఎక్కువ కాగితే మళ్లీ చల్లారనిస్తాడు. ఆయనకు శబ్దం సరిచేయడం నేర్పాల్సిన పనిలేదు. ఈ నగరంలో ఎంతమంది సౌండ్ ఇంజినీర్లున్నారో అందరికంటే ముందు నుంచీ ఆయన ఆ పనిలోనే ఉన్నాడు.

ఆ పెద్దబాపుకు ఇప్పుడు మాట అందదు. శబ్దం వినపడుతుంది, మాట అందదు. ఈ రెండింటికీ తేడా ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. "చెవుడు వచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పిల్లలు ఒర్రి చెప్తారు. ఆయన "ఎందుకు ఒర్రుతున్నరు, నాకు వినవడ్తది" అని విసుక్కుంటాడు. తర్వాత మాట్లాడటమే తగ్గించాడు. ఏది అడిగినా తలూపుతాడు. ఫోన్‌లో ఎవరేమన్నా "ఆఁ, అవును" అంటాడు.

ఈ "అవును" దగ్గరే కథంతా ఉంది.

పెద్దబాపు ఒక అట్రాసిటీ కేసులో బాధితుడు, మొదటి సాక్షి. సిటీ బయట ఒక ఊళ్లో ఊరేగింపుకు డప్పు కొట్టడానికి పోయాడు. మాట్లాడుకున్న డబ్బులు అడిగితే ఒకడు గల్ల పట్టుకొని, వందమంది ముందు కులం పేరుతో తిట్టాడు. కేసు నడుస్తోంది కాబట్టి ఊరు పేరు, మనుషుల పేర్లు రాయను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్). నలుగురూ చూసే చోట కావాలని అవమానించడం మొదటిది, కులం పేరుతో దూషించడం రెండోది. చట్టం చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెలుసు, ఈ కేసుల్లో ప్రతి మాటా లెక్కే. ఏమన్నాడు, ఎక్కడ అన్నాడు, ఎవరు విన్నారు అనే మూడు ప్రశ్నల మీదే కేసు నిలబడుతుంది లేదా పడిపోతుంది.

సాక్ష్యం తేదీ దగ్గరపడ్డాక మన వైపు వకీలు ఫోన్ చేసి పెద్దబాపును వివరాలు అడిగారు. నేను పక్కనే ఉన్నాను. "వాడొచ్చి భుజం తట్టిండా?" అని అడిగారు. ఎదుటి వాళ్ల వాదన అదేనట, స్నేహంగా భుజం తట్టాడని. పెద్దబాపు "అవును సారు" అన్నాడు. ఆయనకు వినపడింది "పట్టిండా" అని.

తట్టిండా, పట్టిండా. మధ్యలో ఒక్క హల్లు. ఒకటి స్నేహం, ఇంకొకటి నేరం. అదే జవాబు కోర్టులో చెప్పి ఉంటే?

కోఠిలో ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకుపోయాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కో శబ్దం వినిపించి పరీక్ష చేశారు. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. కాగితం మీద గీత ఎడమ నుంచి కుడికి పోతుంది. ఎడమ పక్క లావు శబ్దాలు, కుడి పక్క సన్న శబ్దాలు. పెద్దబాపు గీత ఎడమ పక్క బాగానే ఉంది. కుడికి పోయే కొద్దీ దిగి, 4000 హెర్ట్జ్ దగ్గర బావిలో పడ్డట్టు పడింది. ఎడమ చెవికి ఇంకా లోతు.

పెద్ద చప్పుడు మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల గీత ఇట్లాగే ఉంటుంది. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. ఒక్కో చోటి కణాలు ఒక్కో స్థాయి శబ్దాన్ని పట్టుకుంటాయి. చప్పుడు దెబ్బకు ముందుగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్నవి చస్తాయి. చచ్చినవి మళ్లీ మొలవవు.

ఇప్పుడు తెలుగు అక్షరాల దగ్గరికి రండి. అచ్చుల బలం ఎక్కువగా కింది స్థాయిలో ఉంటుంది. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, గొంతు ఎవరిదో కూడా తెలుస్తుంది. కానీ త, ప, క, చ, స, ష లాంటి హల్లులను ఒకదాన్నుంచి ఒకటి వేరు చేసే గుర్తులు చాలావరకు పైస్థాయిలో, 2000 హెర్ట్జ్ దాటాక ఉంటాయి. పెద్దబాపుకు పోయింది సరిగ్గా ఆ మెట్టు. తప్పు, కప్పు, పప్పు ఆయనకు ఒకటే మాట. కట్టిండు, తట్టిండు, పట్టిండు ఒకటే మాట. మొఖం చూస్తే పెదాలను బట్టి కొంత పోల్చుకుంటాడు. ఫోన్‌లో పెదాలుండవు.

ఇంకో మాట వినండి, నాకు రెండు రోజులు నిద్రపట్టనివ్వని మాట. ఆయన్ని తిట్టిన కులం పేరు మాదిగ. మ, ద, గ మూడూ గొంతు నాదంతో పలికే హల్లులు. మధ్యలో నిండు అచ్చులు. ఆ మాట బరువంతా కింది స్థాయిలోనే ఉంటుంది, పెద్దబాపు చెవి ఇంకా బాగా పనిచేసే చోట. తిట్టు ఆయనకు చక్కగా వినపడుతుంది. ఆ తిట్టు గురించి వకీలు అడిగే ప్రశ్న వినపడదు.

మన చెవుల మీద ఈ దేశానికి పాత కన్నే ఉంది. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరం, లక్క పోయాలని గౌతమ ధర్మసూత్రం రాసుకుంది. ఇప్పుడు ఎవరూ ఏమీ పోయడం లేదు. పన్నెండేళ్ల పిల్లాడి చేతికి డప్పిచ్చి యాభై ఏళ్లు కొట్టించుకుంటే చాలు.

దీన్ని చట్టం ఎట్లా చూస్తుంది? 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948 మూడో షెడ్యూలులో చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం నోటిఫై చేసిన జబ్బుల్లో ఉండేది. అప్పటిదాకానే అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో కూడా ఉండేది. మగ్గం యంత్రాల దగ్గర, రేకులు సాగదీసే చోట పనిచేసే కార్మికుడికి చెవి పోతే అడగడానికి కాగితం మీదైనా దారి ఉంది. డప్పు కొట్టేవాడికి యజమాని ఎవరు? ఊరు మొత్తం. ఊరు మొత్తం యజమాని అయినప్పుడు ఎవరి మీదా కేసు లేదు. కులవృత్తి అంటే అదే, యజమాని పేరు లేని ఫ్యాక్టరీ.

వికలాంగుల హక్కుల చట్టం 2016 ఉంది కదా అంటారు. ఆ చట్టం ప్రకారం మాట వినే స్థాయిల్లో రెండు చెవులకూ 60 డెసిబెల్‌ల నుంచి 70 డెసిబెల్‌ల దాకా లోపం ఉంటే వినికిడి తక్కువైనవాళ్లు, 70 దాటితే చెవిటివాళ్లు. కింది స్థాయి బాగుండి పైస్థాయిలో బావి ఉన్న పెద్దబాపులాంటి వాళ్లకు సగటు తీస్తే ఆ గీత దాటదు. కేంద్రం ఏడిఐపి పథకం కింద వినికిడి యంత్రం ఇస్తుంది, దానికి 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ రాదు, మాట అందదు. బయట మంచి యంత్రం కొనాలంటే రెండు చెవులకూ కలిపి మా ఇంటి ఏడాది కిరాయికి దగ్గరగా చెప్పారు.

అప్పుడే ఫోన్ దగ్గరికి వచ్చాను. పెద్దబాపు దగ్గర ఉన్నది మామూలు ఆండ్రాయిడ్ ఫోన్. ఆయన కొడుకు ముందే ఒక యాప్ వేసిపెట్టాడు, వాల్యూమ్ 200 శాతం పెంచుతానని చెప్పుకునేది. పెట్టి చూస్తే మాట ఇంకా చిరిగిపోయింది. ఛత్తాబజార్ దగ్గర ఫోన్లు బాగుచేసే పిల్లగాడికి చూపించాను. ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకొని రెండు నిమిషాలు విని, ఆ యాప్ తీసేసి అన్నాడు: "ఆవాజ్ తో బహుత్ హై ఆపా, సాఫ్ నై హై."

ఆవాజ్ చాలా ఉంది, సాఫ్‌గా లేదు. ఆసుపత్రి కాగితం చెప్పింది, ఈ పిల్లగాడు చెప్పింది ఒకటే.

వాల్యూమ్ పెంచడం అంటే అన్ని స్థాయిలనూ ఒకేసారి పైకి తోయడం. బాగా వినపడే లావు శబ్దం ఇంకా లావై, సన్న హల్లును మింగేస్తుంది. ఫోన్ ఇవ్వగలిగిన హద్దు దాటించి పెంచితే శబ్దం అల తల తెగుతుంది, మాట బరబరలాడుతుంది. పెద్దబాపుకు కావాల్సింది కింది స్థాయి కొంచెం తగ్గడం, పైస్థాయి పెరగడం. డప్పు కాచినట్టే. మంట ఎక్కువ పెట్టడం పని కాదు, ఎక్కడ ఎంత కావాలో అంత పెట్టడం పని.

ఏమేం చేశామో వరసగా చెప్తాను. మీ ఇంట్లో చేసుకోవచ్చు.

మొదట తెలుసుకోవాల్సింది, ఫోన్‌లో వాల్యూమ్ ఒకటి కాదు. పక్కనున్న బటన్ నొక్కి, తెరమీద వచ్చే గీత దగ్గర చుక్కలు తాకండి. పాటలు, వీడియోలకు ఒకటి, కాల్ మాటకు ఒకటి, రింగ్‌కు ఒకటి, అలారానికి ఒకటి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి రింగ్ వేరు, మెసేజ్ చప్పుడు వేరు. చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు రింగ్ పెంచుకొని, మాట కూడా పెరిగిందనుకుంటారు. కాల్ వాల్యూమ్ మాత్రం కాల్ నడుస్తుండగా బటన్ నొక్కితేనే మామూలుగా మారుతుంది. ఈ సంగతి పెద్దబాపుకు ఎవరూ చెప్పలేదు.

రెండోది కాల్. పాత పద్ధతి ఫోన్ కాల్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. అంటే స, ష లాంటి సన్న హల్లులను కంపెనీ తీగ మీదే కోసేసి పంపుతుంది. మంచి చెవి ఉన్నవాళ్లు మిగిలినదాన్ని ఊహించుకుంటారు. సెట్టింగుల్లో సిమ్ దగ్గర వోల్టే అనో 4జీ కాలింగ్ అనో ఉంటుంది. అది ఆన్‌లో ఉండి, అవతలి ఫోన్‌లో కూడా ఉంటే మాట 7000 హెర్ట్జ్ దాకా వస్తుంది. పెద్దబాపు ఫోన్‌లో అది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాక వకీలు సారు గొంతు విని "సారు సిటీ మారిండా, దగ్గర్నుంచి మాట్లాడ్తుండు" అన్నాడు.

మూడోది యాప్. గూగుల్ 2019లో విడుదల చేసిన సౌండ్ యాంప్లిఫయర్ డబ్బులు లేకుండా వస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకొని ఫోన్‌ను మాట్లాడేవాళ్ల దిక్కు పెడితే, ఫోన్ మైకు ఆ మాటను తీసుకొని, సన్నటిదాన్ని పెంచి, వెనక చప్పుడును కొంత తగ్గించి చెవికి ఇస్తుంది. ఎడమ చెవికి ఒక లెక్క, కుడి చెవికి ఒక లెక్క పెట్టుకోవచ్చు. ఆడియోగ్రామ్ పక్కన పెట్టుకొని, నేనూ ఆ రిపేరు పిల్లగాడూ గీతలు జరుపుతూ పోయాం. పెద్దబాపు ఎదురుగా కూర్చున్నాడు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టి "తప్పు" అంటే "కప్పు" అంటున్నాడు. ఇంకొంచెం జరిపాం. మళ్లీ తప్పు. మళ్లీ కప్పు. అజా అయింది, చాయ్ వచ్చింది, చల్లారింది. ఒకచోట ఆగాక "తప్పు, తప్పు అంటున్నవ్ గదా బిడ్డా, ఎన్నిసార్లు అంటవు" అన్నాడు. ఆ గీతలు అక్కడే వదిలేశాం.

తీగ ఉన్న ఇయర్‌ఫోనే వాడండి. బ్లూటూత్‌లో మాట ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, పెదాలకూ మాటకూ పొంతన కుదరదు.

నాలుగోది, యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో. ఒక చెవి బాగా దెబ్బతిన్నవాళ్లకు, రెండు పక్కలా వచ్చేదంతా కలిపి ఇస్తుంది. పక్కనే ఎడమ, కుడి బ్యాలెన్స్ ఉంటుంది. వీడియోలు, ప్రసంగాలు వినేటప్పుడు ఈక్వలైజర్‌లో 250 హెర్ట్జ్ కిందిది తగ్గించి, 2000 నుంచి 4000 మధ్యది పెంచండి. ఈక్వలైజర్ యాప్‌లు మామూలు ఫోన్ కాల్ మీద సాధారణంగా పనిచేయవు, పాటల మీద, వీడియోల మీదే పనిచేస్తాయి. అందుకే కాల్‌కు రెండో పద్ధతి ముఖ్యం.

ఐదోది రింగ్‌టోన్. కంపెనీ ఇచ్చే రింగులు కీచుగా ఉంటాయి, అంటే ఆయనకు పోయిన చోటే మోగుతాయి. పెద్దబాపు కొట్టిన డప్పునే ఇంటి మిద్దె మీద రికార్డు చేసి రింగ్‌గా పెట్టాను. తెర మీద, కెమెరా దగ్గర వెలుగు మెరిసే ఏర్పాటు కూడా ఆండ్రాయిడ్ 14లో ఉంది. అదీ పెట్టాను. ఇప్పుడు ఆయన ఫోన్ మోగితే గల్లీ అంతా చూస్తుంది, ఆయన మాత్రం తీరిగ్గా తీస్తాడు.

అక్షరాలు కనిపించే యాప్ కూడా ఉంది, లైవ్ ట్రాన్స్‌స్క్రైబ్ అని. మాట్లాడితే తెలుగులో రాసి చూపిస్తుంది. చదువుకున్నవాళ్లకు చాలా పనికొస్తుంది. పెద్దబాపును బడికి పంపినవాళ్లు లేరు. పైగా మా ఇంటి భాష దానికి సరిగ్గా అందదు, వార్తల్లో చదివే తెలుగైతే బాగా పట్టుకుంటుంది. "గల్ల పట్టిండు" అంటే అది "గల్లా పెట్టి ఉండు" అని రాసింది. యంత్రానికి కూడా ఎవరి తెలుగు నేర్పారో తెలిసిపోతుంది. కోర్టు పనికి అది కుదరదని అప్పుడే పక్కన పెట్టాం.

ఇక కోర్టు. ఎస్సీ, ఎస్టీ చట్టానికి 2015లో సవరణ వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాంతో వచ్చిన సెక్షన్ 15ఏ చదవండి. బెయిల్ దగ్గర నుంచి శిక్ష దాకా ప్రతి దశలో బాధితుడి మాట వినాలని అందులో ఉంది. అది హక్కు, దయ కాదు. మన మాట వాళ్లు వినాలని చట్టం చెప్పింది. వాళ్ల మాట మనకు వినపడాలని ఎవరు చూస్తారు? వికలాంగుల చట్టం సెక్షన్ 12 న్యాయస్థానం అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. సర్టిఫికెట్ లేని పెద్దబాపు దాని గడప దగ్గర నిలబడ్డాడు.

మాకు ఇంకో భయం ఉంది. చెవి సంగతి బయటపడితే ఎదుటి వకీలు ఊరుకుంటాడా? "నీకు చెవులే వినపడవు, తిట్టింది ఎట్లా విన్నావు?" అంటాడు. దాచిపెడదామని ఇంట్లో కొందరన్నారు. మన వకీలు వద్దన్నారు. దాచినది వాళ్లు తవ్వితే అబద్ధమవుతుంది, మనమే పెడితే ఆధారమవుతుంది అన్నారు. ఆడియోగ్రామ్ కాగితం మనమే ముందు పెట్టాం. సాక్షికి ప్రశ్న ఎదురుగా నిలబడి, నిదానంగా అడగాలని రాతపూర్వకంగా కోరాం. కోర్టు హాల్లో ఫోన్, ఇయర్‌ఫోన్ వాడనిస్తారో లేదో తెలియని పరిస్థితి, అందుకే దాని మీద ఆశ పెట్టుకోలేదు. ఆ యాప్‌ను ఇంట్లో సాధనకు వాడుకున్నాం. రోజూ రాత్రి పెద్దబాపు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాడు, నేను ఎదుటి వకీలునవుతాను. ఆయనకు నేర్పింది ఒక్కటే. జవాబు నేర్పలేదు, అది ఆయనకే తెలుసు. "మళ్లీ చెప్పండి సారు" అనడం నేర్పాను. అర్థం కానప్పుడు తలూపకుండా ఉండటం నేర్పాను.

ఆ ఒక్క మాట ఎంత కష్టమో తెలుసా? అరవై ఏళ్లు దొరల ముందు, పటేళ్ల ముందు, సార్ల ముందు, మళ్లీ అడిగితే కోపమొస్తుందని తలూపిన మెడ అది. వినపడకపోవడం ఐదారేళ్ల నుంచి వచ్చింది. తలూపడం పుట్టినప్పటి నుంచి ఉంది. చెవిని యాప్ కొంత సరిచేసింది. మెడను సరిచేసుకోవాల్సింది మనమే.

పోయిన నెల సాక్ష్యం అయింది. జడ్జి గారు ఆయన్ని దగ్గరగా నిలబడమన్నారు. ఎదుటి వకీలు మేం అనుకున్న ప్రశ్నే అడిగాడు. పెద్దబాపు చెప్పాడు: "దూరం మాట అందది సారు. మొఖంలో మొఖం పెట్టి ఒర్రింది అందుతది. గల్ల ఆయన చేతుల ఉన్నప్పుడు ఎంత దూరం ఉంటడు సారు?" భుజం తట్టిన ప్రశ్న కూడా వచ్చింది. "మళ్లీ చెప్పండి" అన్నాడు. మళ్లీ అడిగారు. "తట్టలే సారు. పట్టిండు" అన్నాడు. త ఒకటి, ప ఒకటి, విడివిడిగా.

తీర్పు ఇంకా రాలేదు. ఏమొస్తుందో నేను చెప్పలేను. కానీ ఆ రోజు రికార్డులోకి ఎక్కింది మా పెద్దబాపు మాట, ఆయన తలూపు కాదు.

ఇప్పుడు ఉద్యమం సంగతి మాట్లాడదాం. బాబాసాహెబ్ 1920లో పెట్టిన పత్రిక పేరు మూక్‌నాయక్, మూగవాళ్ల నాయకుడు. అప్పటి నుంచి మన ఆలోచనంతా గొంతు చుట్టూ తిరిగింది. గొంతు విప్పాలి, గళమెత్తాలి అంటాం. నిజమే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు, ఊరి చాటింపు కోసం మన భుజాన వేలాడేసిన డప్పే మన జెండా అయింది. కానీ ఒకటి గమనించండి. ఊళ్లో అన్నిటికంటే పెద్ద శబ్దం మనదే. ముందు నుంచీ మనదే. చప్పుడు లేక కాదు మన మాట అందనిది. ఏ శబ్దాన్ని ఎంత రానివ్వాలో, దేన్ని కోసేయాలో తేల్చే మీట ఇంకొకరి చేతిలో ఉంది. డప్పు వినపడుతుంది, డప్పు కొట్టినవాడు కూలి అడిగితే వినపడదు. అందుకే "ఇంకా గట్టిగా అరవండి" అన్న సలహా నాకు నచ్చదు. అది 200 శాతం యాప్ సలహా.

ఈ నగరంలోనే పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు హరికథలను మనవాళ్ల మధ్యకు తెచ్చాడు. అక్షరం అందనివ్వని కాలంలో చెవి ద్వారా మాట పంపాడు. మనుషులకు ఏ దారిలో మాట అందుతుందో ముందు చూసుకున్నాడు. మనం మీటింగుల్లో ఏం చేస్తున్నాం? బాక్సులు పెంచుతాం. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లు తలూపుతుంటారు. సభ బాగా జరిగిందని రాసుకుంటాం. వాళ్లకు ఏం అందిందో ఎప్పుడైనా అడిగామా?

డప్పు కొట్టే తమ్ముళ్లకు కూడా ఒక మాట. ఇప్పుడు మీరు డీజే బాక్సుల పక్కన నిలబడి వాటితో పోటీపడి కొడుతున్నారు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు, పెళ్లిళ్లలో మోత మోగుతూనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్‌ల శబ్దం వారానికి 40 గంటల దాకా వినొచ్చు. 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. 100 దగ్గరికి వచ్చేసరికి వారం మొత్తానికి అరగంట కూడా ఉండదు. మీరు ఒక్క బారాత్‌లో మూడు గంటలు ఉంటారు. చెవుల్లో పెట్టుకునే నురుగు బిళ్లలు కొన్ని రూపాయలకే మందుల షాపులో దొరుకుతాయి. నామోషీ అనుకోకండి. ఇయర్‌ఫోన్‌లో ఫోన్ "వాల్యూమ్ ఎక్కువైంది" అని హెచ్చరిస్తే ఊరికే ఓకే నొక్కకండి.

విద్యార్థులారా, పని చెప్తున్నాను. ఈ ఆదివారం ఇంటికి పోండి. రోడ్లు ఊడ్చే అమ్మ, రాళ్లు కొట్టిన నాయిన, డప్పు కొట్టిన తాత, ఎవరైనా సరే, వాళ్ల ముందు కూర్చోండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టి తప్పు, కప్పు, పప్పు అనండి. తేడా తెలియకపోతే ఫోన్ తీసుకొని పైన చెప్పినవి చేయండి. తర్వాత పరీక్షకు తీసుకుపోండి. కోఠి ఈఎన్‌టీ ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫోన్ వినికిడి యంత్రం కాదు, డాక్టర్ కాదు. యంత్రం చేతికొచ్చేదాకా ఊతకర్ర.

సంఘాల బాధ్యులకు, కేసులు చూసే వకీలు మిత్రులకు ఒక విన్నపం. అట్రాసిటీ కేసుల్లో పెద్ద వయసు సాక్షులుంటే, వాంగ్మూలం కంటే ముందు చెవి చూపించండి. ఎన్ని కేసుల్లో మన సాక్షి "మాట మార్చాడు" అని రాశారో. అందులో ఎంతమంది మాట మార్చారో, ఎంతమందికి అసలు ప్రశ్నే అందలేదో ఒకసారి వెనక్కి తిరిగి చూడాల్సిన బాధ్యత మనది. డప్పు కళాకారుల చెవి నష్టాన్ని వృత్తి జబ్బుగా గుర్తించి పరిహారం, యంత్రం ఇవ్వాలన్న డిమాండు మన పత్రాల్లోకి ఎక్కాలి. కళాకారుల పింఛను అడుగుతున్నాం, మంచిదే. ఆ కళ తినేసిన చెవి లెక్క కూడా అడగాలి.

వచ్చే భాగంలో ఈ డిమాండు ముసాయిదా పెడతాను. దిద్దండి, చేర్చండి. మీ ఇంట్లో ఎవరి ఫోన్ సరిచేశారో, వాళ్లు మొదట విన్న మాట ఏమిటో కింద రాయండి.

జై భీమ్.